మొక్కజొన్న నూక, రవ్వ, పిండి: డెల్టా ఇళ్లలో తయారీ, నిల్వ, వంట

గోదావరి డెల్టా పొలాలకు మొక్కజొన్న బాగా అలవాటైన పంటే గాని, మన వంటిళ్లలో దానికి ఇంకా సరైన చోటు దొరకలేదు. సార్వా (ఖరీఫ్) వరి కోసిన మడుల్లో, దాళ్వాకు, అంటే రబీ వరికి, నీరు చాలదనుకున్న చోట దుక్కి దున్నకుండానే మొక్కజొన్న గింజ నాటే రైతులున్నారు. లంక భూముల్లోను, మెట్ట మండలాల్లోను కూడా ఈ పంట కనిపిస్తుంది. మార్చి మొదలుకొని మే దాకా కళ్లాల్లోను, రోడ్ల పక్కన టార్పాలిన్ల మీదను పసుపుపచ్చని రాశులు ఎండుతుంటాయి. వాటిలో చాలా భాగం లారీలకెక్కి కోళ్ల దాణాకు పోతుంది. పక్క పొలంలో పండిన గింజను వదిలేసి, ఎప్పుడు ఆడించారో తెలియని పిండి పొట్లాన్ని మనం దుకాణంలో కొనుక్కుంటాం. ఆ పొట్లం మీద కార్న్‌ఫ్లోర్ అని ఉంటే అది అసలు పిండే కాదు, గింజలోని గంజి పదార్థాన్ని మాత్రం వేరుచేసి ఎండబెట్టిన తెల్లటి పొడి. పులుసులు చిక్కబడటానికి అది ఉపయోగపడుతుంది గాని, రొట్టెకు, ఉప్మాకు పనికిరాదు.

ఈ గింజను మొదట నూకగా, తర్వాతే పిండిగా చూడాలన్నది నా అభిప్రాయం. వరినూకతో ఉప్పుడు పిండి, ఇడ్లీరవ్వతో మినపరొట్టె చేయడం తెలిసిన చేతులకు మొక్కజొన్న నూక కొత్త విద్య కాదు. కొత్తగా పట్టించుకోవలసిందల్లా తేమను. సముద్రపు గాలి, కాలువల చెమ్మ, వేసవి సాయంత్రాల ఉక్క ఉన్న ఈ ప్రాంతంలో గింజ సరిగా ఎండకపోతే తర్వాత ఎంత జాగ్రత్త పడినా పిండి నిలవదు. అందుకే ఈ మార్గదర్శిలో వంట కంటే ముందు ఎండబెట్టడం, ఏరడం గురించి ఎక్కువగా చెప్పవలసి వస్తోంది.

ఏ గింజ తీసుకోవాలి

ఉడకబెట్టుకుని తినే స్వీట్‌కార్న్ ఈ పనికి తగదు. దానిలో చక్కెర ఎక్కువ, పిండి తక్కువ, ఎండితే గింజ ముడతలు పడి జిగటగా నలుగుతుంది. మన పొలాల్లో ధాన్యం కోసం పండించే సంకర రకాలు అన్నీ పనికొస్తాయి. గింజను నిలువుగా కోసి చూస్తే అంచుల్లో గాజులా మెరిసే గట్టి భాగం, మధ్యలో సుద్దలా తెల్లగా ఉండే మెత్తని భాగం కనిపిస్తాయి. గట్టి భాగం ఎక్కువగా ఉన్న గింజ నూకకు బాగుంటుంది, మెత్తని భాగం ఎక్కువగా ఉన్నది సులువుగా పిండి అవుతుంది. తల మీద నొక్కు పడి ఉన్న గింజ సాధారణంగా రెండో కోవకు చెందుతుంది. నూక కోసమైతే నొక్కు తక్కువగా ఉండి, గుండ్రంగా, నారింజ ఛాయలో ఉన్న గింజను ఎంచుకోవాలి.

తెలిసిన రైతు దగ్గర పొత్తులుగానే తీసుకోవడం అన్నిటికంటే మంచిది. గింజ పొత్తుకు అంటుకుని ఉన్నంతకాలం దెబ్బ తగలదు, చెడినది కూడా ఇట్టే కంటబడుతుంది. నలుగురున్న ఇంటికి ఒక విడతకు 5 కిలోల గింజ చాలు. విత్తనం కోసం అమ్మే పొట్లాల్లోని గింజను ఏ పరిస్థితిలోనూ తినకూడదు. దానికి తెగులు మందు, పురుగు మందు పట్టించి, గుర్తు కోసం గులాబీ లేదా ఎరుపు రంగు పూస్తారు, కడిగినంత మాత్రాన ఆ మందు పోదు. అలాగే గోదాములో నిల్వ ఉన్న గింజ కొనేటప్పుడు పురుగు పట్టకుండా బిళ్లలు పెట్టారేమో అడిగి తెలుసుకోవాలి. పెట్టారని చెప్పినా, సమాధానం నాన్చినా ఆ గింజ తీసుకోవద్దు.

పొత్తులు బాగా ఎండితే రెండింటిని ఒకదానితో ఒకటి రాపాడించినా గింజలు రాలతాయి. ముందుగా ఒక వరుస గింజలను బొటనవేలితో ఊడదీస్తే మిగతా వరుసలు సులువుగా వస్తాయి. పొత్తు మొదట్లోను, చివరలోను ఉండే చిన్న గింజలను విడిగా ఉంచి కోళ్లకు వేయడం మేలు. అవి మధ్య గింజలతో సమానంగా ఎండవు, సమానంగా నలగవు.

ఎండబెట్టడం

ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల్లో మొక్కజొన్నకు 14 శాతం తేమ ప్రమాణంగా పెడతారు. మరపట్టి నిల్వ చేసుకునే ఇంటి గింజకు అది చాలదు, 12 శాతం దగ్గరికి రావాలి. కొలిచే యంత్రం మన దగ్గర ఉండదు కాబట్టి చేతి లెక్కలు తెలిసి ఉండాలి.

తారురోడ్డు మీద ఆరబోయడం మన దగ్గర మామూలే అయినా, తినే గింజకు ఆ పద్ధతి వద్దు. బండ్ల నూనె, తారు, సన్నరాళ్లు అన్నీ గింజలో కలుస్తాయి. డాబా మీద శుభ్రమైన టార్పాలిన్ గాని, నూలు దుప్పటి గాని పరచి, గింజను రెండు అంగుళాల మందానికి మించకుండా పోసి, గంటకొకసారి చేతితోనో చెక్కతోనో తిరగదోడాలి. ఉదయం మంచు ఆరి, టార్పాలిన్ పొడిబారిన తర్వాతే పరవాలి. సాయంత్రం నాలుగు గంటలకల్లా ఎత్తేయాలి. అమలాపురం, రాజోలు, నరసాపురం వంటి సముద్రానికి దగ్గరి ప్రాంతాల్లో ఈ రెండో మాట మరీ ముఖ్యం, ఎందుకంటే పొద్దు వాలగానే వీచే తడిగాలిని ఎండిన గింజ మళ్లీ పీల్చుకుంటుంది. ఏప్రిల్, మే ఎండల్లో మూడు రోజులు, రోహిణి కార్తె ఎండలైతే రెండు రోజులు సరిపోతాయి. మబ్బు పట్టిన రోజును లెక్కలో వేయకూడదు.

ఎత్తిన గింజను వేడిగా ఉండగానే డ్రమ్ములో పోసి మూత పెట్టడం చాలా ఇళ్లలో చూస్తాం. తెల్లారి మూత తీస్తే దాని లోపలి వైపు నీటి బొట్లు, పై పొరలోని గింజల మీద చెమ్మ కనిపిస్తాయి. గింజలోని వేడికి బయటికి వచ్చిన ఆవిరి చల్లని మూతకు తగిలి నీరవుతుంది, బూజు మొదలయ్యేది కూడా ఆ పై పొరలోనే. కాబట్టి ఎత్తిన గింజను నీడలో, గచ్చు మీద పరచి, చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా ఆగి ఆ తర్వాతే డబ్బాలో పోయాలి.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి మొదటి పరీక్ష పంటితో కొరకడం. చాలినంత ఎండిన గింజ టక్కున విరుగుతుంది, ఎండనిది నొక్కుకుపోయి పంటికి అంటుకుంటుంది. రెండో పరీక్ష ఉప్పుతో చేస్తారు. తడి లేని గాజు సీసాలో పావు వంతు వరకు గింజలు పోసి, ఎండలో ఆరబెట్టిన సన్న ఉప్పు ఒక చెంచా వేసి, మూతపెట్టి నిమిషంపాటు బాగా కుదిపి, పావుగంట కదపకుండా ఉంచాలి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ ఇంకా 15 శాతం పైనే ఉన్నట్టు. అంటుకోకుండా అడుగుకు రాలిపోతే 15కి దిగినట్టు. అలా దిగాక కూడా మరో రోజు మంచి ఎండ తగలనిచ్చి, ఆ తర్వాత పంటి పరీక్షతో తృప్తిపడితేనే మరకు తీసుకెళ్లాలి.

ఏరడం, బూజు సంగతి

ఈ పనిని బియ్యంలో మట్టిగడ్డలు ఏరే పని స్థాయికి తగ్గించకూడదు. మొక్కజొన్నకు పట్టే ఆకుపచ్చ, పసుపుపచ్చ బూజుల్లో ఒకటి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఆ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మనం ఇంట్లో ఉడకబెట్టే, కాల్చే వేడికి అది నశించదు. 1974లో రాజస్థాన్‌లోని బన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామాల్లో, అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నను తిండికి వేరే దారిలేక తిన్నవారిలో కామెర్ల జబ్బు వ్యాపించి వందమందికి పైగా మరణించారు. ఆ దుర్ఘటనను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించి, బూజు విషమే కారణమని తేల్చారు. మన డెల్టాలో కూడా కోతల వేళకు అకాల వానలు కొత్త కాదు, కళ్లంలో తడిసి రాశిలో వేడెక్కిన గింజ ఎలా ఉంటుందో రైతులందరికీ తెలుసు. అటువంటి రాశి నుంచి ఎంత చవకగా వచ్చినా గింజ తీసుకోవద్దు.

ఏరడానికి తెల్లని గుడ్డ మీద గింజను గుప్పెడు గుప్పెడుగా పరచుకోవాలి. మొన వైపు నల్లబడినవి, గులాబీ లేదా బూడిద రంగు పొర ఉన్నవి, చిట్లినవి, పురుగు రంధ్రం పడినవి, ముట్టుకుంటే తేలికగా ఉన్నవి అన్నీ తీసేయాలి. చిట్లిన గింజ శుభ్రంగా కనిపించినా ఉంచకూడదు, ఎందుకంటే బూజు లోపలికి పోయే దారి అదే. ఏరిన తర్వాత గుప్పెడు గింజ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడాలి. తడిసిన గోనె వాసన వస్తే ఆ మొత్తాన్ని వదులుకోవలసిందే. ఏరి పారేసినదాన్ని కోళ్లకు, బాతులకు వేయడం కూడా పొరపాటే, ఆ విషం పక్షులకు మనకంటే త్వరగా హాని చేస్తుంది. పాడి గేదెకు పెడితే పాలలోకి దిగుతుంది. గొయ్యి తీసి పూడ్చాలి.

పొట్టు, ముక్కు తీయడం

నానబెట్టిన ఒక గింజను తీసుకుని సన్నని మొన దగ్గర గోటితో చీల్చి చూడండి. పైన పలచని పొట్టు, లోపల పిండి, మొన దగ్గర పాలిపోయిన రంగులో మెత్తగా, సాగుతున్నట్టు ఉండే చిన్న ముక్కు కనిపిస్తాయి. ఆ ముక్కే మొలక భాగం. గింజలోని నూనెలో ఐదింట నాలుగు వంతులు దానిలోనే ఉంటుంది. గింజ నలిగినప్పుడు ఆ నూనెకు గాలి తగులుతుంది, మన వేడికి కొద్దివారాల్లోనే పిండికి ముక్కవాసన పడుతుంది. రుచి, బలం కూడా ఆ ముక్కులోనే ఉన్నాయి కాబట్టి దాన్ని ఎప్పుడూ తీసేయాలని చెప్పను. వారం పది రోజుల్లో వాడేసే పిండికి గింజను ఉన్నదున్నట్టు ఆడించుకోవాలి, నెలపైన నిల్వ ఉంచదలచిన నూకకు మాత్రం పొట్టు, ముక్కు తీయాలి.

కిలో గింజకు మూడు, నాలుగు పెద్ద చెంచాల నీళ్లు చల్లి, అన్ని గింజలకూ చెమ్మ తగిలేలా చేతితో కలిపి, పావుగంట మూతపెట్టి ఉంచాలి. అప్పుడు పొట్టు మెత్తబడుతుంది, లోపలి భాగం మాత్రం గట్టిగానే ఉంటుంది. రోట్లో కొద్దికొద్దిగా వేసి రోకలితో తేలిగ్గా దంచాలి. బలంగా పోటు వేస్తే గింజ పిండి పిండి అవుతుంది. పొట్టు ఊడుతున్నట్టు కనబడగానే చేటలోకి తీసి చెరగాలి. పొట్టు ఎగిరిపోతుంది, ముక్కులు చాలావరకు విడివడి చేట అంచుకు చేరతాయి. చెరిగిన బద్దలను రెండు గంటలు మళ్లీ ఎండలో పెట్టాలి, లేకపోతే చల్లిన నీటి చెమ్మ నూకలోకి వచ్చేస్తుంది. రోలు లేని ఇంట్లో మిక్సీలో ఒకటి రెండుసార్లు ఆపి ఆపి తిప్పి, చేటతో చెరిగినా సగం పని అవుతుంది.

మర, తిరగలి, మిక్సీ

పిండిమరకు తీసుకెళ్లేటప్పుడు నూక కావాలని ముందే చెప్పి, రాళ్లు వదులు చేయించుకోవాలి. మీకంటే ముందు ఎవరైనా కారమో పసుపో పట్టించుకుని ఉంటే, ముందుగా ఒక గుప్పెడు బియ్యం వేసి మరను తుడిపించి, ఆ బియ్యప్పిండిని పక్కన పెట్టేయాలి. మర నుంచి పిండి వేడిగా వస్తుంది. దాన్ని డబ్బాలో మూసి ఇంటికి తెచ్చుకోవడం కంటే గుడ్డసంచిలో తెచ్చి, వెంటనే పళ్లెంలోనో గుడ్డ మీదనో పరచి చల్లార్చడం అవసరం.

తిరగలి ఉన్నవారికి ఇంతకంటే మంచి సాధనం అక్కర్లేదు. మొక్కజొన్న గింజ పెద్దది కాబట్టి మొదటిసారి పలకలుగా చీలుతుంది, రెండోసారి వేస్తే నూక వస్తుంది. ఒక్కసారే మెత్తగా విసరాలని గుప్పెళ్ల కొద్దీ పోస్తే పై రాయి తిరగదు. వేడెక్కకుండా నలిగిన పిండి రుచి వేరుగా ఉంటుందన్నది తిని చూసినవారికే తెలుస్తుంది, ముఖ్యంగా జావలో.

మిక్సీలోనైతే ఒకసారికి 150 గ్రాములకు మించి వేయకూడదు. 15 సెకన్లు తిప్పడం, ఆపడం, జార్‌ను కుదపడం, మళ్లీ తిప్పడం అన్న వరుసలో నాలుగైదుసార్లు చేసి, జల్లించి, పైన మిగిలినదాన్ని మళ్లీ వేయాలి. జార్ అడుగు చేతికి వెచ్చగా తగిలితే కాసేపు ఆపాలి.

జల్లించడం, నిల్వ

ఏ పద్ధతిలో ఆడించినా ఒకే విడతలో మూడు సరుకులు వస్తాయి. వాటిని విడదీయకుండా వండటం వల్లనే మొక్కజొన్న ఉప్మా ఒకచోట పలుకుగా, మరోచోట ముద్దగా తయారవుతుంది. ముందు సన్నని పిండి జల్లెడతో పట్టి పిండి తీయాలి. మిగిలినదాన్ని రవ్వ జల్లెడలో పోస్తే బొంబాయిరవ్వంత సన్నరవ్వ కిందికి దిగుతుంది, వరినూకంత పెద్ద నూక పైన నిలుస్తుంది. పెద్ద నూక ఉప్పుడు పిండికి, పరమాన్నానికి. సన్నరవ్వ మినపరొట్టెకు, పొట్టిక్కలకు. పిండి రొట్టెకు, జావకు, జంతికలకు.

ముక్కు తీయని గింజ పిండి వేసవిలో బయట రెండు వారాలు బాగుంటుంది, ఫ్రిజ్‌లో రెండు నెలలు ఉంటుంది. ముక్కు తీసిన నూక, గాలి చొరబడని స్టీలు డబ్బాలో నెల పైనే నిలుస్తుంది. డబ్బాలో తడి చెంచా పెట్టకూడదని వేరే చెప్పనక్కర్లేదు. చిటికెడు పిండి నాలుక మీద వేసుకుంటే తియ్యగా ఉండాలి, చేదుగానో గొంతు పట్టినట్టుగానో ఉంటే పాతబడినట్టే. ఆడించని గింజకు ముక్కపురుగు భయం ఉంటే, ఎండిన గింజను బిగువుగా సంచిలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచితే పురుగులు, వాటి గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీసిన తర్వాత సంచి పూర్తిగా గది వేడికి వచ్చేదాకా విప్పకూడదు, విప్పితే గింజకు చెమ్మ పడుతుంది.

మొక్కజొన్న ఉప్పుడు పిండి

ఈ నూకతో మొదటిసారి వండేవారు ఉప్పుడు పిండితోనే మొదలుపెట్టడం మంచిది. ఒక గ్లాసు పెద్ద నూకను కడిగి అరగంట నానబెట్టి, నీళ్లు వంచేయాలి. పావు గ్లాసు పెసరపప్పును విడిగా నానబెట్టుకోవాలి. అడుగు మందంగా ఉన్న ఇత్తడి గిన్నెలో గాని, ఇనప మూకుడులో గాని మూడు చెంచాల నూనె కాచి, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు వరుసగా వేసి, చివర అల్లం తరుగు, పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ వేయాలి. రెండున్నర గ్లాసుల నీళ్లు, తగినంత ఉప్పు, నానిన పెసరపప్పు వేసి, తెర్లుతున్నప్పుడు నూకను చల్లుతూ కలపాలి. వరినూకకు రెండు గ్లాసుల నీళ్లు చాలేచోట, నానబెట్టిన తర్వాత కూడా మొక్కజొన్న అర గ్లాసు ఎక్కువ తాగుతుంది.

నీరు పైకి కనబడనంతగా ఇంకగానే మంట బాగా తగ్గించి, బరువైన మూత పెట్టి 20 నుంచి 25 నిమిషాలు కదపకుండా వదిలేయాలి. మధ్యలో కలిపితే నూక ముద్దవుతుంది, అడుగున ఎర్రగా పట్టే మాడు కూడా దక్కదు. పలుకు తీసి వేళ్ల మధ్య నలిపితే పూర్తిగా మెదగాలి. మధ్యలో గట్టి చుక్క తగిలితే రెండు చెంచాల వేడినీళ్లు చిలకరించి మరో ఐదు నిమిషాలు మగ్గనివ్వాలి. పొయ్యి ఆపాక పది నిమిషాలు మూత తీయకుండా ఉంచి, ఒక చెంచా నెయ్యి వేసి వడ్డించాలి. దీనికి మాగాయగాని, కొత్తావకాయగాని తోడుంటే చాలు. మొక్కజొన్నలో సహజంగా ఉన్న తీపి ఆవ ఘాటుకు బాగా జోడీ కుదురుతుంది. అందువల్ల పోపులో కారం మామూలుకంటే కాస్త తగ్గించడం మంచిది.

మినపరొట్టె, పొట్టిక్కలు

ఒక గ్లాసు మినప్పప్పును నాలుగు గంటలు నానబెట్టి, నీళ్లు ఎక్కువ పోయకుండా గట్టిగా, నురగగా రుబ్బాలి. మామూలుగా దీనికి రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ కలుపుతాం. మొదటిసారి ఒక గ్లాసు ఇడ్లీరవ్వ, ఒక గ్లాసు మొక్కజొన్న సన్నరవ్వ కలిపి చూడండి. రుచి నచ్చితే తర్వాత మొక్కజొన్న వాటా పెంచుకోవచ్చు గాని, పూర్తిగా మొక్కజొన్నతోనే చేస్తే రొట్టె లోపల కాస్త పొడిపొడిగా ఉంటుంది. రెండు రవ్వలను విడివిడిగా కడిగి, మొక్కజొన్నరవ్వను రెండు గంటలు నాననిచ్చి, నీళ్లు గట్టిగా పిండి మినప్పిండిలో కలపాలి. ఉప్పు, జీలకర్ర వేసి రెండు మూడు గంటలు ఉంచాలి, బాగా పులియనక్కర్లేదు.

ఇనప మూకుడులో నాలుగు చెంచాల నూనె వేసి వేడెక్కాక, రెండు అంగుళాల మందాన పిండి వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. అంచులు ఎర్రబడి మూకుడు నుంచి విడివడుతున్నప్పుడు తిరగేసి, మరో పది నిమిషాలు కాల్చాలి. మొక్కజొన్న వల్ల పై పొర మామూలు దిబ్బరొట్టెకంటే కరకరలాడుతుంది. చెరకు పానకం దొరికితే దానితో, లేకపోతే అల్లం పచ్చడితో వడ్డించాలి.

ఇదే పిండిని కోనసీమ పద్ధతిలో పనసాకు బుట్టల్లో పోసి ఆవిరికి పెడితే పొట్టిక్కలవుతాయి. నాలుగు పనసాకులను ఈనెపుల్లలతో గుచ్చి బుట్ట చేసి, ముప్పావు వంతు మాత్రమే పిండి నింపి, 20 నిమిషాలు ఉడకనివ్వాలి. పొట్టిక్కలకు పిండి రాత్రంతా పులవడం అవసరం, లేకపోతే బరువుగా వస్తాయి.

రొట్టె, సున్నపు నీటి పద్ధతి

గోధుమపిండిలో ఉండే జిగురు మొక్కజొన్న పిండిలో లేదు. అందువల్ల చన్నీళ్లతో కలిపిన పిండి సాగదు, చపాతీకర్రతో ఒత్తితే అంచులు పగులుతాయి. ఒక గ్లాసు పిండిలో ఉప్పు కలిపి, ముప్పావు గ్లాసు మరుగుతున్న నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో కలిపి, మూతపెట్టి పది నిమిషాలు ఉంచాలి. చెయ్యి పట్టగలిగే వేడికి రాగానే ఐదు నిమిషాలు గట్టిగా మర్దించాలి. నూనె రాసిన అరటాకు మీద నిమ్మకాయంత ఉండను తడిచేత్తో తట్టి, ఆకుతో సహా వేడి పెనం మీద బోర్లించాలి. ఆకు వాడిపోయి రంగు మారగానే దాన్ని ఒలిచేసి, రొట్టెను రెండువైపులా కాల్చాలి. గోంగూర పచ్చడి, వంకాయ పచ్చిపులుసు దీనికి సరైన జత. ముందురోజు చేసిన చేపల పులుసులో ముంచుకుని తినడం ఇంకా బాగుంటుంది.

మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల్లో వేల సంవత్సరాలుగా మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి రుబ్బుతారు. గింజలో ఉండే నియాసిన్ అనే విటమిన్ మన శరీరానికి అందకుండా బంధించబడి ఉంటుంది, సున్నం దాన్ని విడుదల చేస్తుంది. ఈ పద్ధతి లేకుండా మొక్కజొన్నను మాత్రమే తీసుకెళ్లిన ఇటలీ వంటి దేశాల్లో, దాని మీదే బతికిన పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చింది. బియ్యం, పప్పు, పెరుగు, చేప కలిసిన మన తిండిలో అప్పుడప్పుడూ తినే మొక్కజొన్నతో ఆ భయం లేదు. రోజూ రెండు పూటలా దీన్నే తినదలచినవారు మాత్రం ఈ పద్ధతి నేర్చుకోవాలి, రుచి కోసమైనా ఒకసారి చేసి చూడదగినదే.

పొట్టు తీయని కిలో గింజకు మూడు లీటర్ల నీళ్లు, తాంబూలంలో వేసుకునే తడిసున్నం రెండు చిన్న చెంచాలు తీసుకోవాలి. గోడలకు వేసే సున్నం వాడకూడదు. అల్యూమినియం గిన్నె కూడా వద్దు, సున్నం దాన్ని తినేస్తుంది, స్టీలు గిన్నె వాడాలి. సున్నాన్ని నీటిలో కరిగించి గింజలు వేసి, మరిగాక సన్నని మంట మీద 30 నుంచి 40 నిమిషాలు ఉడికించి, పొయ్యి ఆపి రాత్రంతా అందులోనే ఉంచాలి. తెల్లారి పసుపుపచ్చని ఆ నీటిని పారబోసి, గింజలను చేతులతో రుద్దుతూ నాలుగు నీళ్లు కడిగితే పొట్టు జిగురుగా ఊడిపోతుంది. గ్రైండర్‌లో వీలైనంత తక్కువ నీళ్లతో రుబ్బితే, వేడినీళ్లు పోయకపోయినా చేతికి ముద్దగా వచ్చే పిండి తయారవుతుంది. దీన్ని పలచగా తట్టి కాల్చిన రొట్టె పగలదు, మడిచినా విరగదు. ఈ తడిపిండి ఒక్క రోజే నిలుస్తుంది.

జావ, జంతికలు

జావకు రెండు చెంచాల పిండిని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మూడు గ్లాసుల మరిగే నీటిలో పోస్తూ పది నిమిషాలు కలియబెట్టాలి. చల్లారాక పుల్లమజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు కలుపుకుంటే వేసవి ఉదయానికి సరిపోతుంది. జంతికలకు నాలుగు పాళ్లలో ఒక పాలు మాత్రమే మొక్కజొన్న పిండి, మిగతాది బియ్యప్పిండి ఉండాలి. అంతకంటే పెంచితే గొట్టంలో నుంచి దిగుతూనే తెగిపోతాయి.

కొబ్బరిపాల పరమాన్నం

కోనసీమ కొబ్బరి అందుబాటులో ఉన్నవారు ఈ పరమాన్నాన్ని తప్పక చేసుకోవాలి. ఒక గ్లాసు పెద్ద నూకను రెండు గంటలు నానబెట్టాలి. ముదురు కొబ్బరికాయ ఒకటి తురిమి, అర గ్లాసు వేడినీళ్లతో రుబ్బి, పిండి చిక్కని మొదటి పాలు తీసి పక్కన పెట్టుకోవాలి. అదే కోరులో మూడు గ్లాసుల నీళ్లు పోసి మళ్లీ రుబ్బి, పిండిన పలచని పాలలో నూకను సన్నని మంట మీద ఉడికించాలి. ఇది పూర్తిగా మెత్తబడటానికి 35 నిమిషాల దాకా పడుతుంది, అడుగంటకుండా కలుపుతూ, చిక్కబడితే వేడినీళ్లు చేరుస్తూ ఉండాలి.

బెల్లం వేసిన తర్వాత నూక ఇక మెత్తబడదు. కాబట్టి పలుకు నోట్లో వేసుకుని, పూర్తిగా ఉడికిందని తేల్చుకున్నాకే ముప్పావు గ్లాసు బెల్లం తురుమును కొద్ది నీటిలో కరిగించి, వడగట్టి పోయాలి. ఐదు నిమిషాలు ఉడికి దగ్గరపడ్డాక పొయ్యి ఆపి, కాస్త వేడి తగ్గనిచ్చి, అప్పుడు చిక్కని పాలు, ఏలకుల పొడి, నేతిలో వేయించిన కొబ్బరి పలుకులు కలపాలి. చిక్కని పాలు వేశాక మరిగిస్తే విరిగి నూనె తేలుతుంది. చల్లారేకొద్దీ నూక పాలను పీల్చుకుని గట్టిపడుతుంది కాబట్టి, దించేటప్పుడు జారుగా ఉన్నా కంగారుపడనక్కర్లేదు. మర్నాటికి మిగిలితే గోరువెచ్చని పాలు కలిపి, గిన్నెను వేడినీళ్లలో ఉంచి వెచ్చబెట్టుకోవాలి, నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు.